వస్తా మరి

తెల్లవారగానే బావి తాత చేదతో నీళ్లు తోడి, చూపుడువేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటాడు. తర్వాత కళ్లు మూసుకుని కాసేపు ఆలోచిస్తాడు. బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డ పదకొండు ఇళ్లవాళ్లూ ఆ కాసేపూ మాట్లాడరు. ఒకప్పుడు ఈ తతంగం ఉండేది కాదు. ఎవరికి కావలసిన నీళ్లు వాళ్లు తోడుకుని కబుర్లు చెప్పుకుంటూ ఇంటికి పోయేవాళ్లు.

“ఎలా ఉన్నాయి తాతా?” అని అడిగింది టైలరమ్మ.

“ఇక కూరలో ఉప్పు వేసుకోనక్కర్లేదు,” అన్నాడు తాత.

నిన్నటిదాకా ‘సగం ఉప్పు చాలు’ అనేవాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ ఒకసారి టైలరమ్మ వైపు చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు. ఆ చూపు ఆమెకు ముప్పై రెండేళ్లుగా అలవాటే. బిందె నింపుకుని ఇంటికి వచ్చి, ఉతికిన బట్టలు పెరట్లో తీగ మీద ఆరేసి, కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుంది. పక్కింటావిడ జాకెట్టు చేతులు బిగుతు చేయాలి. మనుషులు చిక్కిపోతున్నారు మరి, ఉప్పునీళ్లు తాగి తాగి.

అవతలి ఒడ్డు నుంచి చూస్తే అయిదు దీవులు కనిపిస్తాయి. అన్నిటికన్నా పెద్దది అత్త. దానికి ఎదురుగా మొహం తిప్పుకున్నట్టుండేది కోడలు. ఆ రెంటి మధ్యా ఇరుక్కున్న ఒట్టి రాయి మొగుడు, పాపం నోరెత్తదు. కాస్త ఎడంగా ఉండేది తోడికోడలు. ఈ నాలుగూ ఉన్నచోటే ఉంటాయి. అయిదోది ఈ పదకొండు ఇళ్లూ ఉన్న ఆడపడుచు. అన్నిటికన్నా చిన్నది, పెత్తనమంతా దానిదే. ఉండాలనిపిస్తే ఉంటుంది, లేకపోతే లేచి పోతుంది. వాన ఎక్కడుంటే అక్కడికి తేలిపోయి, కడుపునిండా తాగి, పది రోజులకో పదిహేను రోజులకో తిరిగొచ్చి తన చోట తను కూర్చునేది. మూడు దేశాల సైన్యాలు దాన్ని గెలుచుకున్నాయి. గెలిచిన ప్రతివాళ్లూ పటంలో తమ రంగు పూసుకుని, మర్నాడు జెండా పట్టుకుని వస్తే అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఒక సేనాని పంతం కొద్దీ ఆ నీళ్లలోనే జెండా పాతబోయి, నిలువునా తడిసి, జలుబు చేసి ఇంటికెళ్లాడని చెప్పుకుంటారు.

ఎవరికీ లొంగని ఆడపడుచు ఒక్క మాటకు లొంగుతుంది. దాని రేవు మెట్ల మీద నిలబడి దీవివాళ్లెవరైనా ‘వస్తా’ అంటే చాలు, ఆ మాట చెల్లేదాకా అది కదలదు. పొద్దున వస్తా అని సంతకు వెళ్లినవాళ్లు సాయంత్రానికి వచ్చేస్తారు. దీవికి మళ్లీ రెక్కలొస్తాయి. ఇక తిరిగిరాని ఉద్దేశంతో వెళ్లేవాళ్లు మాత్రం ‘పోతున్నా’ అనాలి. వేరేచోట గుమ్మం దాటుతూ ఆ మాట అంటే పెద్దవాళ్లు నోటి మీద కొడతారు. ఇక్కడ అనకపోతే కొడతారు.

ముప్పై రెండేళ్ల క్రితం టైలరమ్మ మేనత్త కొడుకు పడవెక్కి వెళ్లాడు, తిరిగిరాలేదు. ఆ రోజు నుంచీ ఆడపడుచు అడుగు కదపలేదు. వానలు దాన్ని తప్పించుకుని అటు కురిశాయి, ఇటు కురిశాయి. బావి కొద్దికొద్దిగా ఉప్పెక్కింది.

“ఆ రోజు మెట్ల మీద నుంచి వస్తా అన్న మాట, బావి దగ్గర నిలబడి నా చెవులారా విన్నాను,” అని తాత ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పాడు. “పడవ ఇంజను మోతలో మాట తెలిసింది గానీ గొంతు తెలియలేదు. వెళ్లేవాడు కాక ఇంకెవరంటారు?”

ఆ రోజు రేవులో ఉన్నది టైలరమ్మ ఒక్కతే. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు, టైలరమ్మ ఇంకా కాలేదు. బావ ఏమన్నాడని అడిగితే, “పెదాలు కదిలాయి, మాట వినపడలేదు,” అనేది. ఆ కదిలిన పెదాలను ఆమె ఎన్ని రాత్రులు తలుచుకుందో ఎవరికీ చెప్పలేదు. తనను కూడా రమ్మంటాడని ఆ రోజు పరుగెత్తుకుంటూ వెళ్లింది. అతను అడగలేదు. సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఆమె అందరి బట్టలూ కుట్టింది, బావను మాత్రం మనసులో తిట్టుకుంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నం సరంగు పడవ కట్టేసి నేరుగా ఆమె కిటికీ దగ్గరికి వచ్చాడు. అతను అవతలి రేవు మనిషి. దీవివాడు కాదు గనక అతను వస్తానన్నా రానన్నా ఆడపడుచు పట్టించుకోదు.

“టైలరమ్మా, మీ బావ దొరికాడు,” అన్నాడు. “మా రేవు వెనక సందులోనే గొడుగుల కొట్టు. నా గొడుగు బాగుచేయించుకోవడానికి వెళితే, మాటల్లో తెలిసింది. మొన్నమొన్ననే ఎక్కడినుంచో వచ్చి పెట్టాడట.”

పావుగంటలో పదకొండు ఇళ్లూ ఆమె వాకిట్లో ఉన్నాయి.

“వాణ్ణి తీసుకురా,” అన్నాడు తాత. “వచ్చి మెట్టు మీద కాలుపెడితే మాట చెల్లినట్టే. రానంటాడా, ఆ రానన్న మాట కూడా ఇక్కడికొచ్చే అనాలి. అక్కడ మాత్రం అనిపించకు. వాడు అక్కడే అనేశాడనుకో, ఇది కదిలిపోతుంది. అప్పుడు నువ్వు ఆ ఒడ్డున, మేం ఎక్కడో.”

“మరి నేను వెళ్లేటప్పుడు వస్తా అనొచ్చా?”

“ఆ ఒక్కటీ అనకు తల్లీ. ఉన్న ముడి విప్పడానికి వెళుతూ ఇంకో ముడి వేస్తావా? బావి ఇంకో నాలుగు రోజులు ఆగేట్టు లేదు.”

అంటే దీవి ఆమె కోసం ఆగదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. తాత ఆ రోజుకి ఇంకెవరినీ దీవి దాటొద్దన్నాడు.

టైలరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. అలవాటుగా నోరు జారుతుందేమోనని, కుట్టేటప్పుడు పెట్టుకున్నట్టే పెదాల మధ్య రెండు గుండుసూదులు బిగబట్టింది. మెట్ల మీద పక్కింటావిడ చేయి పట్టుకుని ఏడ్చింది. టైలరమ్మ తల ఊపింది అంతే. సూదులు అవతలి ఒడ్డు చేరాకే తీసింది.

గొడుగుల కొట్టు ఒక్క గది. పైకప్పు నుంచి గొడుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. బల్ల మీద విరిగిన ఊచలు, పిడులు, నల్లగుడ్డ ముక్కలు. కళ్లజోడు ముక్కు చివరికి జారిన మనిషి ఒకడు ఒక గొడుగును ఒళ్లో పెట్టుకుని కుడుతున్నాడు. జుట్టు పలచబడింది. కుట్టేటప్పుడు నాలుక కొస బయటపెట్టే అలవాటు మాత్రం పోలేదు.

“బావా,” అంది గుమ్మంలోంచే.

అతను తలెత్తాడు. సూది వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని అలాగే చాలాసేపు చూశాడు.

“ఇప్పటికా?” అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. “ఇప్పటికా ఏమిటి? వస్తానని చెప్పి వెళ్లి, ముప్పై రెండేళ్లు దీవిని కట్టేసి, ఇక్కడ తీరిగ్గా గొడుగులు కుట్టుకుంటున్నావా? అక్కడ పిల్లలు ఉప్పునీళ్లు తాగుతున్నారు. లే, లేచి పడవెక్కు.”

“నేనెప్పుడన్నాను వస్తానని? మెట్ల మీద నిలబడి, మా అమ్మ నేర్పినట్టే, పోతున్నా అని గట్టిగా చెప్పి పడవెక్కాను. నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అదంతా అయిపోయింది.”

“అబద్ధం. తాత చెవులారా విన్నాడు.”

“వినే ఉంటాడు. అన్నది నువ్వు కదా.”

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు. టైలరమ్మ గుమ్మం పట్టుకుంది.

“పడవలోంచి నిన్ను అడిగాను,” అన్నాడతను నెమ్మదిగా. “నువ్వూ వస్తావా అని. నువ్వు మెట్ల మీద నిలబడి ‘వస్తా మరి’ అని అరిచావు. అరిచి, ఇంటివైపు పరుగెత్తావు. పెట్టె సర్దుకుని తర్వాతి పడవకి వస్తావనుకున్నాను.”

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఇంజను మోత. కదిలిన పెదాలు. అతను వెళ్లొస్తానంటున్నాడనుకుంది. ఇంట్లో అమ్మ పిలుస్తోంది. ఎవరి దగ్గరైనా సెలవు తీసుకుని ఇంటికి పోయే ముందు ఏమంటారు? వస్తా మరి అంటారు. అదే అంది. ఏడుపు కనపడకుండా ఉండాలని వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తింది.

“ముప్పై రెండేళ్లు ఎదురుచూశావా?” అని అడిగింది.

“ముప్పై రెండేళ్లు ఎవరు చూస్తారే? మూడు రోజులు రేవులో కూర్చున్నాను. తర్వాత ఆకలేసింది. ఎక్కడెక్కడో పనిచేశాను. పెళ్లి చేసుకున్నాను. మంచి మనిషి. పోయి ఆరేళ్లయింది.” ఒళ్లో గొడుగు సర్దుకుంటూ అన్నాడు, “ఆ మూడు రోజులూ మాత్రం బాగా చూశాను.”

“ఒక్క మాట అడిగుంటే వచ్చేదాన్ని కదా అని ఇన్నేళ్లూ నిన్ను తిట్టుకుంటున్నాను బావా.”

“అడిగాను కదే.”

టైలరమ్మ గుమ్మం వదిలి లోపలికి అడుగేసింది. దీవిని కట్టేసింది తన మాటే. అందరూ అతనిదనుకుని ఆ ‘వస్తా’ను మోసుకు తిరిగారు, తనతో సహా. ఆ మాట చెల్లాల్సింది రేవు మెట్ల మీద కాదు, ఈ మనిషి దగ్గర. ఇప్పుడు అతని ముందు నిలబడి ఉంది. వచ్చింది.

ఆ సంగతి ఆమెకు పూర్తిగా తట్టేలోపే వీధిలో సరంగు కేక వినపడింది. “టైలరమ్మా! ఆడపడుచు లేచింది!”

ముగ్గురూ రేవుకి పరుగెత్తారు. దీవి అప్పటికే తన చోటు వదిలింది. తొందరేమీ లేదు దానికి. చాలా రోజులు మంచాన పడి లేచిన మనిషిలా ముందు కొంచెం ఒరిగి, సర్దుకుని, మెల్లగా ఇటు తిరిగింది. దూరంగా ఆకాశంలో ఒకచోట మబ్బు నల్లగా ఉంది, అటు బయల్దేరింది. తిరిగినప్పుడు టైలరమ్మకు తన ఇల్లు వెనకవైపు నుంచి కనపడింది. ఇంత దూరం నుంచి ఆ ఇంటిని ఆమె ఎప్పుడూ చూడలేదు. అగ్గిపెట్టంత ఉంది. రేవు మెట్ల మీద జనం గుంపుగా నిలబడ్డారు. వాళ్లలో తాత ఎవరో పోల్చుకోవడానికి ఆమె కళ్లు చిట్లించుకుంది.

సరంగు పడవలోకి దూకి ఇంజను పెట్టాడు. రేవంతా మోత. “ఎక్కు! ఇప్పుడే కదిలింది, అరగంటలో అందుకుంటాను. మబ్బు కిందికి పోయిందంటే ఇక నావల్ల కాదు,” అని అరిచాడు. “ఇన్నేళ్ల దాహం దానిది, మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమో!”

టైలరమ్మ ఒక మెట్టు దిగింది. అక్కడ మిషను ఉంది, ఇల్లుంది, తనను తప్పు పట్టినా తన చేత్తో కుట్టిన బట్టలే కట్టుకున్న పదకొండు ఇళ్లున్నాయి. వాళ్లు తప్ప ఆమెకు ఎవరూ లేరు. ఇంకో మెట్టు దిగి, వెనక్కి తిరిగింది. బావ సగం కుట్టిన గొడుగు పట్టుకుని పై మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నోరు తెరవడం లేదు.

“ఈసారి అడగవా?” అని అరిచింది.

“అడుగుతాను,” అని అంతకన్నా గట్టిగా అరిచాడు బావ. “ముందు ఆ ఇంజను ఆపమను!”

సరంగు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇంజను ఆపాడు. మెట్లకు నీళ్లు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

బావ మెట్లు దిగి ఆమె పక్కకి వచ్చాడు. “ఉంటావా?” అన్నాడు, మామూలు గొంతుతో.

“ఉంటా మరి.”

“అదిగో, మళ్లీ! ఉంటా మరి అంటే సెలవు తీసుకుంటున్నట్టా, ఉంటున్నట్టా? సరిగ్గా చెప్పు. ఇంకో ముప్పై రెండేళ్లు నావల్ల కాదు.”

“ఉంటున్నట్టే బావా. ఇక్కడే. నీతో,” అంది టైలరమ్మ. అని, మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది.

సరంగు పడవను కట్టేశాడు. ముగ్గురూ మెట్ల మీద కూర్చుని చూశారు. దీవి మబ్బు కిందికి చేరేసరికి వాన అందుకుంది. దాని మీద, దాని పదకొండు ఇళ్ల మీద, తాత బావి మీద తెల్లగా దిగింది. కాసేపటికి ఒడ్డు దాకా మట్టివాసన వచ్చింది.

“అయ్యో,” అంది టైలరమ్మ, ముక్కు తుడుచుకుంటూ. “తీగ మీద బట్టలు తీయలేదు.”

“తడవనీ,” అన్నాడు బావ.