గేరు పెట్టె మీది ఎర్ర దీపం

నేను ఒక లారీ బ్రేకు దీపాన్ని. డ్రైవరు కాలు నొక్కితే వెలగడం, ఎత్తితే ఆరడం, అంతకుమించి నాకు తెలివి లేదు. ఎక్కడ పుట్టానో గుర్తులేదు గానీ, బందరు రోడ్డు మీద బతుకంతా ఒకటే మాట చెప్పాను: ఆగండి. వెనకవాళ్ళు ఆగడానికి బదులు హారను కొట్టేవారు. చివరికి ఒక బస్సు హారను కొడుతూనే వచ్చి మా వీపున పడింది. లారీ తుక్కయింది. నేను చెక్కుచెదరకుండా విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప సామాన్ల కుప్పకు చేరాను.

అక్కణ్ణుంచి నన్ను ఏరుకున్నవాడు మీరావలీ మేస్త్రీ, ఒక లేతు మిషను షాపులో పాతకాపు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి సువార్త అనే అమ్మాయి కొత్తగా చేరింది. పుట్టినప్పటి నుంచీ ఆమెకు వినపడదు. మొదట్లో మీరావలీ గొంతు పెంచి చూశాడట. వినపడనివాళ్ళ దగ్గర అరవడం మనుషులకు ఎందుకంత ఇష్టమో నాకిప్పటికీ అర్థం కాదు. తర్వాత తనకే సిగ్గేసి, నన్ను ఆమె కళ్ళకెదురుగా మిషను గేరు పెట్టె మీద బిగించి పాత బ్యాటరీకి కలిపాడు. గేరు పెట్టె దగ్గరొకటి, గుమ్మం దగ్గరొకటి బటన్లు పెట్టాడు. ఒకసారి నొక్కితే వెలుగుతాను, మళ్ళీ నొక్కితే ఆరుతాను. నేను వెలిగితే మిషను తిప్పే మీట వదిలెయ్యాలని, ఆరేదాకా ముట్టుకోకూడదని సైగ చేశాడు.

షాపు యజమాని పూర్ణచంద్రరావు నన్ను చూసి నవ్వాడు.

"లారీ లైటు పెట్టి పని నేర్పుతావా మీరావలీ? రేపేదన్నా అయితే నా మెడకి చుట్టుకుద్ది. శనివారం నేనే నిలబడి చూస్తా. ఒక్క పొరపాటు జరిగినా పంపించేస్తా."

సువార్త ఆ మాటలు ఆయన పెదవుల మీదే చదివేసింది. మిగతా షాపులన్నీ ఆమెను గుమ్మంలోంచే పంపేశాయి. ఇది కూడా పోతే ఇంట్లో కూర్చోవడమే.

ఆ షాపులో ఒక పద్ధతుంది. గేరు పెట్టెలో పళ్ళ చక్రాలు మార్చేముందు "చెయ్యి" అని కేకేస్తారు. "తీశా" అనేదాకా మీట ఎవరూ ముట్టుకోరు. ముందు కరెంటు మెయిన్ స్విచ్చి ఆపాలని గోడ మీద రాసే ఉంది. అది చదివినవాళ్ళెవరూ నా కంటపడలేదు.

శనివారం పూర్ణచంద్రరావు ఫోను చెవిన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చక్రం మార్చడానికి మీరావలీ మిషను చివరికెళ్ళి వంగాడు. "చెయ్యి" అన్నాడు. ఏళ్ళనాటి అలవాటు నోటికొచ్చేసింది, బటను మాత్రం నొక్కలేదు. ఫోను ధ్యాసలో ఉన్న యజమాని కానివ్వమని సువార్తకు చేత్తో సైగ చేశాడు. మిషను అడ్డంగా ఉండి ఆమెకు మేస్త్రీ కనపడలేదు. నా వంక చూసింది. నేను ఆరి ఉన్నాను. మీట మీద చెయ్యి వేసింది.

నాకంతా కనిపిస్తోంది. పళ్ళ మధ్య మీరావలీ వేళ్ళున్నాయి. ఎవరో ఒకరు నొక్కకుండా నేను వెలగలేను. బస్సు మీదికొస్తున్నప్పుడు కూడా నేనంత భయపడలేదు.

మేస్త్రీ చెయ్యి ఇంకా లోపలే ఉందని పూర్ణచంద్రరావుకు అప్పుడు తెలిసొచ్చింది. "ఆగు" అని అరిచాడు. మళ్ళీ ఇంకా గట్టిగా అరిచాడు. మీట కదిలింది. ఫోను వదిలేసి గుమ్మం దగ్గరి బటను మీద అరచేత్తో చరిచాడు.

నేను భగ్గున వెలిగాను. సువార్త మీట వదిలేసింది.

పరుగున వెళ్ళి మేస్త్రీ చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ తడిమి చూసింది. తర్వాత బటను చూపించి, ఆయన నోరు చూపించి, కోపంగా తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు.

"చూశావా, నే చెప్తూనే ఉన్నా. ఎంత పొరపాటు జరిగిపోయేదో," అన్నాడు పూర్ణచంద్రరావు చెమట తుడుచుకుంటూ.

"జరిగిందండీ. నొక్కకుండా నోటితో చెప్పింది నేను. కానివ్వమంది మీరు. ఆ పిల్ల లైటు చూసే మీట పట్టుకుంది, లైటు చూసే వదిలింది. ఎవర్ని పంపించాలో ఇక మీరే చెప్పండి."

ఆయన కిందపడ్డ ఫోను ఏరుకుని, గుమ్మం దగ్గరి బటన్ను ఒకసారి తడిమి చూసి వెళ్ళిపోయాడు. తర్వాతి వారం ప్రతి మిషనుకీ ఒక ఎర్ర దీపం వచ్చింది. అన్నీ కొత్తవి, నా పక్కన నిగనిగలాడుతూ కొంచెం గర్వంగానే ఉంటాయి. చెవులున్నవాళ్ళు కూడా ఇప్పుడు మిషన్ల రొదలో వాటినే చూసుకుంటున్నారు.

నా అద్దానికి పగులొచ్చింది. మళ్ళీ కుప్పలోకి పోయే రోజు దూరం లేదు. ఇవాళ చక్రం మార్చింది సువార్త. బటను నొక్కి, నేను వెలిగానో లేదో చూసుకుని, చెయ్యి లోపల పెట్టింది. మీట దగ్గరున్నది పూర్ణచంద్రరావు. నేను ఆరేదాకా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.