పైడిరాజు ఓడిపోని ఎన్నిక

రెండేళ్ళ కిందట మలాయి దేశంలోని హుటాన్ మెలింటాంగ్ ఊరి తెలుగు సంఘం అధ్యక్ష ఎన్నికల్లో పైడిరాజు ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఒక్క పైడిరాజుకి తప్ప. చేపల పడవల ఇంజన్లు బాగుచేసే ఆయన షెడ్డు ముందు ఎవరైనా కాస్త నిలబడితే చాలు, "నాను ఓడిపోనేదు, నన్ను ఓడించినారు" అని మొదలుపెట్టేవాడు. తెలుగు ముక్క రాని మలాయి జాలరులకి కూడా ఆ కథ కంఠతా వచ్చేసింది. ఇంజన్ తొందరగా తయారు కావాలనుకున్నవాళ్ళు తలూపి, నాలుక చప్పరించి, అయ్యో పాపం అన్నట్టు ముఖం పెట్టేవారు.

ఆయన భార్య దాలమ్మ మాత్రం ఆ మాట ఎత్తగానే ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ ఒక్క ఓటు ఎటు పోయిందో ఆవిడకి తెలుసు. మొగుడి మీద నిలబడిన పుష్పవల్లికి దాన్ని వేసింది ఆవిడే.

సంఘంలో ఓటు వేసే పద్ధతి రబ్బరు తోటల్లో కూలి చేసిన కాలం నాటిది, చదువు రాని తాతలు పెట్టుకున్న ఏర్పాటు. పోటీదారులకి తప్ప ఒక్కొక్క సభ్యుడికి ఒక రబ్బరు గింజ ఇస్తారు. కైలీ లుంగీ గుడ్డ కట్టిన తెర వెనక, పోటీదారుల ఫొటోలు అంటించిన బిస్కట్ డబ్బాలుంటాయి. ఇష్టమైన దాంట్లో గింజ వేసి రావడమే. ఎందులో పడిందో చప్పుడు బయటపెట్టేయకుండా డబ్బా అడుగున పాత తువ్వాలు పరుస్తారు. చుట్టూ రబ్బరు చెట్లు పోయి పామాయిల్ తోటలు వచ్చేసినా, ఆ పాత గింజల్నే ఒక సీసాలో భద్రంగా దాచుకుని వాడుతున్నారు.

ఆ ఎన్నికలో గింజలు లెక్కపెట్టింది జాన్ మాస్టారు. ఇరవై ఏళ్ళుగా సంఘానికి ఎన్నికల అధికారి ఆయనే. మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ పుష్పవల్లికి ముప్పైమూడు, పైడిరాజుకి ముప్పైరెండు.

పైడిరాజు దగ్గర వేరే లెక్క ఉంది. తనకి ఓటు వేసేవాళ్ళ పేర్లు ముందే నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు. సరిగ్గా ముప్పైముగ్గురు. డబ్బాలో తేలినవి ముప్పైరెండు. అంటే జాన్ మాస్టారు ఒక గింజని ఇటు నుంచి అటు మార్చేశాడన్నమాట. ఇంతకన్నా రుజువేం కావాలి? అయినా తొందరపడి నింద వేసే మనిషి కాదు గనక, ఓడిపోయిన వారమే ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరినీ నిలదీశాడు. అందరూ "నీకే ఏసినాం లా" అని, మాట చివర అలవాటైన మలాయి 'లా' తగిలించి మరీ, ఎవరి దేవుడి మీద వాళ్ళు ఒట్టేశారు. అలా ముప్పైరెండు మందిని అడిగాడు. జాబితాలో మొదటి పేరు దాలమ్మది. ఆవిణ్ణి అడగాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

అడిగితే ఆవిడ చెప్పేసేదేమో. అడగకపోయేసరికి తనంతట తాను చెప్పడానికి నోరు రాలేదు. ఈలోగా దొంగ అనిపించుకున్న జాన్ మాస్టారు వాళ్ళింటికి రావడం మానేశాడు. ఆయన మానేస్తే పోనీ అనుకోవచ్చు, ఆయన భార్య లూసీ కూడా మానేసింది. దాలమ్మా లూసీ ముప్పై ఏళ్ళు కలిసి సంతకి వెళ్ళిన మనుషులు, ఒకరి చేపలకి ఇంకొకరు బేరమాడిన మనుషులు. ఇప్పుడు లూసీ ఆవిణ్ణి చూడగానే పక్క వరసలోకి తప్పుకుంటోంది. సంత నుంచి వచ్చిన ప్రతిసారీ దాలమ్మకి అన్నం సహించేది కాదు. తన నోరు పెగలకే స్నేహితురాలి మొగుడు దొంగయ్యాడని ఆవిడకి తెలుసు.

అలా ఉండగా మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి పైడిరాజు ఏకంగా ఎన్నికల అధికారి పదవికే పోటీకి దిగాడు, జాన్ మాస్టారు మీద.

"ఎన్నికలే దొంగవన్నావు, మరి ఆటిల్లోనే నిలబడతావేటి?" అని అడిగింది దాలమ్మ, ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"దొంగతనం ఆగాలంటే డబ్బాలు నా సేతిలో ఉండాల."

"నువ్వు గెలిస్తే?"

"ఎన్నిక సరిగ్గా జరిగినట్టు."

"ఓడిపోతే?"

"మళ్ళీ దొంగతనం జరిగినట్టు. ఇందల తెలీనిదేటుంది?"

దాలమ్మ కాలరు మీద ఇస్త్రీపెట్టెని అవసరానికి మించి అదిమింది.

ఆదివారం హాలు నిండిపోయింది. కోడికూర భోజనమని ముందే చెప్పడంతో జాబితాలోని ముప్పైముగ్గురిలో ఒక్కరూ తప్పిపోలేదు. ఓటుకి ముందు పోటీదారులు మాట్లాడాలి. అధ్యక్షురాలు పుష్పవల్లి గడియారం చూపిస్తూ, "పైడిరాజు మావయ్యా, అయిదు నిమిసాలే" అంది.

"ఉపన్యాసం నాకొద్దు. సాచ్చికం సూపిస్తాను," అన్నాడు పైడిరాజు, నోటుబుక్కు తెరుస్తూ. "నాను పేరు సదవగానే లెగండి. మాస్టారు కళ్ళారా లెక్కెట్టుకోవాల."

చదవడం మొదలుపెట్టాడు. కుర్చీలు కిర్రుమన్నాయి, మోకాళ్ళు పట్టుకుని ముసలివాళ్ళు లేచారు, సిగ్గుపడుతూ కొందరు లేచారు. చివరి పేరు దాకా చదివి, తలెత్తి లెక్కపెట్టాడు. ముప్పైరెండు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పైరెండే. అప్పుడు చూశాడు, ముందు వరసలో కూర్చునే ఉన్న పెళ్ళాన్ని.

"కాళ్ళు నొప్పేటి? సెయ్యెత్తు, సాలు."

దాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. చివరి వరసలో లూసీ గోడకేసి చూస్తూ కూర్చుంది. ఇప్పుడు కూడా ఊరుకుంటే ఇక ఈ జన్మకి చెప్పలేననుకుంది దాలమ్మ.

"కాళ్ళు బాగానే ఉన్నాయి. నా గింజ పుష్పవల్లి డబ్బాలో ఏసినాను. మాస్టారు ఏటీ మార్సనేదు."

పైడిరాజు నోటుబుక్కులో దాలమ్మ పేరు మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు. ఈలోగా మూడో వరసలో నిలబడ్డ గుణవతి మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"నీకేటయింది?" అన్నాడు పైడిరాజు.

"దాలప్పే సెప్పేసినాక నాకేటి బయం? నానూ పుష్పవల్లికే ఏసినాను."

"దేవుడి మీద ఒట్టేసినావు కదే!"

"నువ్వు గుమ్మం కాడినుంచి కదిలితే కదా! పొయ్యి మీద కూర మాడిపోతంటే ఏసేసినాను."

హాలు ఘొల్లుమంది. పైడిరాజు మాత్రం నవ్వలేదు. మొండివాడే గానీ లెక్క తప్పేవాడు కాదు. నిలబడ్డవాళ్ళని వేలితో చూపిస్తూ మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పైఒక్కరు. డబ్బాలో ఉన్నవి ముప్పైరెండు. రెండేళ్ళుగా ఒక గింజ తగ్గిందని ఊరంతా చాటిన మనిషికి ఇప్పుడు ఒక గింజ ఎక్కువైంది.

"మరి ఆ ఒక్కటీ ఎవులిది?" అన్నాడు, గొంతు తగ్గించి.

వెనక వరసలో లూసీ లేచి మొగుణ్ణి వేలితో చూపించింది. "ఇంకెవులిది? ఈయన్దే!"

"లూసీ!" అని అరిచాడు జాన్ మాస్టారు. ఆయన కోపం ఆ ఊరు చూడడం అదే మొదలు. "రహస్య ఓటది! బయట సెప్పకూడదు!"

"దొంగంటే పడినావు గానీ, నిజం సెప్తే తప్పొచ్చిందేటి?" అంది లూసీ, చీర కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

జాన్ మాస్టారు నేల చూపులు చూశాడు. "హాలు రేకులు కారతన్నాయి. ఇతనైతే నిచ్చెనెక్కి బాగుసేస్తాడనుకున్నాను, అంతే," అని గొణిగాడు.

పైడిరాజు నోటుబుక్కు మూసి, నడుచుకుంటూ వెళ్ళి మాస్టారి ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు. "మాస్టారూ, అనరాని మాటన్నాను. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే సెమించమంటన్నాను."

"కూకో లా, కూకో," అని మాస్టారు ఆయన చేతులు పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. పుష్పవల్లి తెలివైనది. ముందు టీ, తర్వాతే ఓటు అని ప్రకటించింది.

పెరటి అరుగు మీద దాలమ్మ ఒక్కతే కూర్చుని ఉంటే, రెండు కప్పుల టీతో లూసీ వచ్చింది. "రెండేళ్ళు పట్టిందా అప్పా, ఒక్క మాట సెప్పడానికి?" అని ఒక కప్పు చేతిలో పెట్టింది. దాలమ్మ ఏడ్చేసింది. ఆ కప్పు పూర్తికాకముందే పైడిరాజు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పుష్పవల్లికి ఎందుకేసినావు?" ఆ గొంతులో కోపం లేదు, దెబ్బ తగిలిన నొప్పి ఉంది.

"ముప్పైరెండు గుమ్మాలెక్కి ఓటడిగినావు. నాను నీ ఇంట్లోనే ఉన్నాను కదా, నన్నడిగినావా? అడక్కుండానే పేరు రాసేసినావు. పుష్పవల్లి వచ్చి నా సేతులట్టుకోని అడిగింది."

పైడిరాజు నోటుబుక్కు తెరిచి మొదటి పేరు కొట్టేశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "మరయితే ఇప్పుడడుగుతన్నాను. ఈసారి నాకేస్తావేటి?"

పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆయన ఆవిణ్ణి ఆ గొంతుతో ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"అడిగినావు సూడు, శానా బాగుంది. నా ఓటు మాత్రం మాస్టారికే."

లూసీకి టీ పొలమారింది. పైడిరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "సర్లే, ఎందుకో అదైనా సెప్పు, ఇంటాను" అంటూ అరుగు మీద పెళ్ళాం పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు.