ఎర్రమిట్ట ఎక్కిన ఆదివారం

"పడితే కాలిరుగుతాది. కాలిరిగితే మగ్గం ఎవురు తొక్కుతారు? మగ్గం నిలిస్తే పొయ్యి నిలుస్తాది. నీకేం, ఆ ఇనుప చక్రాల మీద ఎగురుకుంటా పోతావు. ఈడ నా పానం కొట్టుకుంటాంటాది!"

ఉరుకుందమ్మ ఈ మాటలన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. ఆమె కొడుకు వెంకటరాముడు గడప కూడా దాటలేదు. మగ్గం గుంటలోంచి అప్పుడే పైకి లేచి, పంచె మోకాళ్ల దాకా ఎగగట్టుకుంటున్నాడు. అంతే.

కోడుమూరు మగ్గాల వీధిలో ఆదివారం మధ్యాహ్నం నుంచి పని ఉండదు. ఊరంతా సంతకు పోతుంది. ఆ పూట వీధిలో మగ్గం చప్పుడు ఆగిపోతే, చెవుల్లో ఏదో వెలితిగా ఉంటుంది. ఆ వెలితిలోకి ఈమధ్యనే సైకిలు గంట ఒకటి వచ్చి చేరింది. ఖాసీం సాయిబు కర్నూలు నుంచి సైకిళ్లు తెచ్చి బజారులో అద్దెకు పెట్టినప్పటి నుంచీ వెంకటరాముడికి ఆదివారం ఎప్పుడొస్తుందా అన్నదే ధ్యాస. మొదటి వారం మోచెయ్యి చెక్కుకుపోయింది. తర్వాతి వారం జాలి కంపలో పడి ఒళ్లంతా ముళ్లతో వచ్చాడు. పోయిన వారం చీలమండ వాచి, సోమవారం మగ్గం గుంటలో దిగలేకపోయాడు. ఆ రోజు ఉరుకుందమ్మ వాయిలాకు కాచి కొడుకు కాలికి కాపడం పెడుతూ, వాడు కర్ర పట్టుకుని కుంటుకుంటూ నడిచే ముసలితనం దాకా ఊహించుకుని ఏడ్చింది.

ఆమె తీరే అంత. మబ్బు పట్టితే హంద్రి ఏరు పొంగి వీధిలోకి వస్తుందని భయం. మబ్బు పట్టకపోతే కరువని భయం. వెంకటరాముడికి ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదు. అందుకని ఆమె భయాన్ని చూసి వీధిలో ఎవరూ మరీ అంతగా నవ్వేవాళ్లు కాదు, మొగుడు రామలింగప్ప తప్ప.

"ఈమె మాట ఇనుకుంటే మా పెండ్లే జరిగేది కాదురా," అన్నాడు రామలింగప్ప వక్క కొరుకుతూ. "పందిరి కూలుతాదని పీటల మీద కూచోనంటే, మా మామ గుంజ పట్టుకొని నిలబన్యాడు, తాళి కట్టేదాంక."

"నువ్వు గమ్మునుండప్పా!" అని కసిరి, ఉరుకుందమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఇదిగో, ఈ పొద్దు పడితివా, మల్ల సైకిలు మొగం సూడనని ఉరుకుంద ఈరన్నసామి మీద ఒట్టు పెట్టు."

వెంకటరాముడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆమె పేరే ఆ సామి పేరు. ఆ ఒట్టు పెట్టి తప్పినవాడు ఆ ఇంట్లో అన్నం తినలేడు.

"పెడతా. పడకుంటే?"

"పడకుంటే..." ఉరుకుందమ్మ ఆగిపోయింది. అట్లాంటిది కూడా ఒకటి జరగవచ్చునని ఆమెకు అంతవరకూ తోచలేదు.

"పడకుంటే ఇంగ ఏ ఆదివారమూ నాకు అడ్డం రాగూడదు. ఎర్రమిట్ట ఎక్కుతా. కొన దాంక యాడా కాలు కింద పెట్టను. సరేనా?"

ఎర్రమిట్ట అంటే గూడూరు దోవలో, ఊరు దాటినాక వచ్చే ఎత్తు. బరువు బండ్లు దాన్ని ఎక్కాలంటే బండివాడు దిగి ఎద్దుల పక్కన నడవాల్సిందే. ఉరుకుందమ్మకు ఆ ఎత్తు బాగా తెలుసు. నూలు మూట నెత్తిన పెట్టుకుని దాన్ని ఎక్కీ ఎక్కీ ఆమె మోకాళ్లు అరిగాయి.

"యాడ కాలు పెడితివో నాకేం తెలుస్తాది? పడి, లేసి, మన్ను దులుపుకొని వచ్చి పడలేదంటావు. పోయిన వారం కాలు వాచేదాంక అట్లే అంటివి గదా!"

"అట్లయితే నువ్వే రామ్మా. ఎనక కూచోని సూడు."

వాడు వేళాకోళానికే అన్నాడు. రామలింగప్ప పగలబడి నవ్వాడు కూడా. ఉరుకుందమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు నడుముకు చుట్టి గట్టిగా దోపుకుంది.

"పా. పడితే ఇద్దరం పడదాం. ఈడ కూచోని నువ్వొచ్చేదాంక దోవ సూసేది నాతోని కాదు."

*

ఖాసీం సాయిబు వెనక సీటున్న పెద్ద సైకిలు బయటికి తీసి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

"బండి గట్టిదే వదినా, భయం లేదు. బిరేకు ఒగటే కొంచెం మొండిది. పట్టుకునే ముందర మా అల్లాకు చెప్పుకోండి, పట్టుకున్నంక మీ ఈరన్నకు చెప్పుకోండి. ఇద్దరూ కలిసి నిలబెడతారు."

ఉరుకుందమ్మ వెనక్కి తిరిగి ఇంటికి పోదామా అనుకుంది. సరిగ్గా అప్పుడే బట్టల వ్యాపారి అనంతయ్య శెట్టి బండి అటువైపు వచ్చింది. చీరల మూటల మీద దిండు వేసుకుని కూర్చుని, ఆయన గూడూరుకు పోతున్నాడు. ఆ వీధి నేసే చీరలన్నీ ఆయన కొట్టుకే చేరతాయి. బండి ఆపకుండానే ఆయన తల్లీకొడుకులను కిందా మీదా చూశాడు.

"ఏం ఉరుకుందమ్మా! మగ్గం తొక్కే కాళ్లు గుంటలో ఉంటేనే అందం. అవి రోడ్డెక్కితే నా చీరలెవురు నేస్తారు?"

బజారులో ఉన్నవాళ్లు నవ్వారు. ఇంట్లో ఆమె కూడా ఇంచుమించు అదే మాట అన్నది. శెట్టి నోట్లోంచి వచ్చేసరికి అదే మాట ఒళ్లంతా మండించింది. నా కొడుకు కాళ్లు ఈయన కొట్లో సరుకా?

"ఎక్కరా," అంది కొడుకుతో. వాడు ఎక్కాడు. ఆమె రెండు కాళ్లూ ఒక పక్కకు వేసుకుని వెనక కూర్చుని, వాడి చొక్కా రెండు పిడికిళ్లతో పట్టుకుని కళ్లు మూసుకుంది.

సైకిలు ఊగింది, వంకర పోయింది, మళ్లీ సర్దుకుంది. ఊరు దాటేదాకా ఆమె కళ్లు తెరవలేదు. తెరిచేసరికి రెండు పక్కలా నల్లరేగడి పత్తి చేలు, వాటి అవతల ఎండలో తెల్లగా హంద్రి ఇసుక, ఎదురుగా ఎర్రమిట్ట. దాని మొదట్లో శెట్టి బండి ఎక్కుతూ కనబడింది.

ఎత్తు మొదలైంది. సైకిలు వేగం తగ్గింది. ఒక తోపు తోసుకుని ముందుకు పోవడం, ఆగడం. మళ్లీ ఒక తోపు, మళ్లీ ఆగడం. ఆగినప్పుడల్లా ముందు చక్రం అటూ ఇటూ తల ఊపింది. ఇంక పడతాం, ఇప్పుడే పడతాం అనుకుంటూ ఆమె ఈరన్నసామిని పిలుస్తూనే ఉంది. కానీ ఆ కుదుపు... ఆ కుదుపు ఆమెకు తెలిసినది. ఒక కాలు నొక్కడం, నిలపడం. రెండో కాలు నొక్కడం, నిలపడం. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచీ, మగ్గం పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతూ ఆమె వింటున్న వరస అదే. కాలి కింది ఒక చెక్క తొక్కి పట్టుకోవాలి, నూలు మోసుకుపోయే నాడె పడుగు దారాల మధ్యలోంచి అటు చేరేదాకా కాలు కదపకూడదు. అటు చేరినాక రెండో చెక్క. పన్నెండో ఏట గుంటలో దిగిన వెంకటరాముడి కాళ్లకు ఇంకో విధంగా తొక్కడం తెలియదు. సైకిలు మీద కూడా వాడు ప్రతి తొక్కుడుకూ నాడె కోసం కాచుకుంటున్నాడు!

చదును మీద సైకిలు వాడి పొరపాటును ఓర్చుకుంది. ఎత్తులో, మలుపులో ఓర్చుకోలేదు. వాడు పడినవన్నీ అట్లాంటి చోట్లే.

"నిలపాకురా!" అని అరిచింది ఉరుకుందమ్మ. "కాలు నిలపాకు! ఈడ నాడె యాడుంది?"

"ఏందమ్మా?" వాడు రొప్పుతున్నాడు. చక్రం రోడ్డంచుకు జారుతోంది.

"మగ్గం తొక్కినట్ల తొక్కొద్దు! రాట్నం తిప్పినట్ల తిప్పు! నేను కండెలు సుట్టేటప్పుడు నిలుపుతానా యాడన్నా? నిలిపితే నూలు తెగుతాది!"

చెప్పి ఊరుకోలేదు. చొక్కా వదిలేసి, అరచేతిని కొడుకు వీపు మీద ఆనించి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది, తన రాట్నం పిడి తిప్పినట్టే, తొందర లేకుండా, ఆపకుండా. ఆ చేతిని వాడు పసివాడప్పటి నుంచీ ఎరుగును. ఆ తిప్పుడు చప్పుడులోనే నిద్రపోయేవాడు. వాడి కాళ్లు ఒకసారి తడబడ్డాయి, ఇంకోసారి తడబడ్డాయి, తర్వాత ఆ చేతి వెంట పడ్డాయి.

కుదుపు పోయింది. ముందు చక్రం తల ఊపడం మానేసింది. గొలుసు ఒకటే రాగం పట్టుకుంది. సైకిలు నిదానంగా, ఎక్కడా నిలవకుండా, ఎర్రమిట్టను ఎక్కసాగింది.

"అట్ల! అట్లే తిప్పు నాయనా! తెగనీయొద్దు!"

మిట్ట నడుమ శెట్టి బండి ఆగి ఉంది. బండివాడు దిగి ఎద్దులను అదిలిస్తున్నాడు. శెట్టి కూడా దిగి, పంచె ఎత్తి పట్టుకుని నడుస్తున్నాడు. వెంకటరాముడు గంట కొట్టాడు. శెట్టి ఉలిక్కిపడి పక్కకు తొలిగాడు. సైకిలు ఆయన్ను దాటుతుండగా ఉరుకుందమ్మ, ఏ మొగవాడి ముందూ గొంతెత్తని ఉరుకుందమ్మ, వెనక్కి తిరిగి అరిచింది.

"ఏమప్పా సెట్టీ! నీ చీరలు రేపు నేస్తాం! ఈ పొద్దు ఈ కాళ్లు మావి!"

బండివాడు నవ్వు ఆపుకోలేక ఎద్దు మెడ మీద వాలిపోయాడు.

*

మిట్ట కొన మీద వెంకటరాముడు సైకిలు ఆపి, కాలు కింద పెట్టాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. అక్కణ్నుంచి చూస్తే కోడుమూరు అరచేతిలో పట్టేటంత ఉంది. ఆ ఇళ్ల మధ్యలో ఎక్కడో వాళ్ల మగ్గం గుంట. గాలి ఉరుకుందమ్మ కొంగును లాగి వదిలిపెడుతోంది. మూట లేకుండా ఆమె అంత ఎత్తు ఎక్కడం అదే మొదటిసారి. అందుకే ఇంతకాలం అక్కడ నిలబడి చుట్టూ చూడనేలేదు.

"అమ్మా," అన్నాడు వాడు పళ్లన్నీ బయటపెట్టి, "గెలిస్తి గదా. ఇంగ ప్రతి ఆదివారం పోవచ్చునా?"

ఆమె కొంగు మళ్లీ దోపుకుని వెనక సీటు ఎక్కింది.

దిగేటప్పుడు సైకిలు ఈల వేసినట్టు పోయింది. ఆమె పెదవులు బిగబట్టింది గానీ, ఈసారి కళ్లు మూసుకోలేదు. మొండి బిరేకు ఇద్దరు దేవుళ్ల దయ వల్ల పట్టింది. వీధి మొగదలలో పక్కింటి సిద్దమ్మ ఎదురొచ్చింది. "ఏం వదినా, కొత్త పెండ్లికూతురు మాదిరి ఊరేగుతాండావే! యాడన్నా పడితిరా?" అని అడిగింది. ఉరుకుందమ్మ ఇంటి వైపు చెయ్యి చూపి కొడుకును పోనిమ్మంది. ఇంట్లో రామలింగప్ప కొడుకు మోచేతులూ మోకాళ్లూ తడిమి చూసి, "ఒగ గీత గూడ ల్యాదే!" అన్నాడు. ఆమె కాళ్లు కడుక్కుని, రొట్టెలు తట్టి ఇద్దరికీ పెట్టి, దీపం ముట్టించి రాట్నం ముందు కూర్చుంది.

ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదామె. కాకపోతే వచ్చే ఆదివారం వాడు ఒక్కడే గడప దాటడం, తాను ఈ రాట్నం ముందు కూర్చుని వీధిలో ప్రతి చప్పుడుకూ తల ఎత్తడం, అది కళ్ల ముందు ఆడుతోంది. ఎర్రమిట్ట మీద కూడా ఆమె భయపడింది. కానీ ఆ భయానికి పని ఉంది, చెయ్యి ఉంది, అరవడానికి నోరుంది. ఇంట్లో కూర్చున్న భయానికి ఏమీ లేదు.

వెంకటరాముడు వచ్చి పక్కన కూలబడ్డాడు. "చెప్పమ్మా. పోనిస్తావా, పోనియ్యవా?"

"పలకవేమే?" అన్నాడు రామలింగప్ప. "పిల్లోడు ఒట్టు పెట్టి గెలిసినాడు. ఊరు ఊరంతా సెట్టి సంగతి చెప్పుకొని నవ్వుతాంది. నువ్వేమో మూగనోము పట్టినట్ల కూచున్యావు."

రాట్నం తిరుగుతూనే ఉంది. కండె నిండింది. ఆమె దాన్ని తీసి బుట్టలో వేసి, ఇంకో కండె తొడిగి, కొస అంటించింది. అప్పుడు, చెయ్యి ఆపకుండానే, కొడుకు వైపు చూడకుండానే అంది.

"ఎనక సీటు మీద గొర్రె కంబడి మడిచి కట్టు. ఉత్త ఇనుము గుచ్చుకుంటాది. వచ్చే ఆదివారం గూడూరు దాంక పోవల్లంటే నేనట్ల కూచోలేను."