తోలేటోనిదే కారు

"దీనికి మనిషి టికెట్టు కొట్టాల్నా, లగేజి టికెట్టు కొట్టాల్నా?" అని బస్సు కండక్టరు కమ్లీని చూపించి అడిగిన రోజే మోతీ తేల్చేసుకుంది, చచ్చినా ఇక ఆ బస్సు ఎక్కేది లేదని. బస్సులో సగం మంది నవ్వారు. నవ్విన మొహాలు ఒక్కొక్కటీ గుర్తు పెట్టుకుంది మోతీ. పన్నెండేళ్ల కూతుర్ని వీపున మోసుకుని మెట్లెక్కిన మనిషికి రొప్పు వస్తుంది గానీ మాట రాదు. ఆ రోజు రాలేదు. రాని ఆ మాటే నెలల తరబడి గొంతులో ముల్లులా ఉండిపోయింది.

కమ్లీకి మూడేళ్లప్పుడు జ్వరం తగిలి కుడికాలు పడిపోయింది. వరంగల్ దవాఖానలో తొడ దాకా ఇనుప పట్టీలున్న బూటు చేసి ఇచ్చారు. అది తొడిగితే మోకాలు వంగదు. చేతికర్ర పట్టుకుని చదునుగా ఉన్నచోట నడుస్తుంది, మెట్లెక్కలేదు. బుర్ర మాత్రం చురుకు. ఏడో తరగతి పరీక్షలో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దానివే మొదటి మార్కులు. ఎనిమిదికి బయ్యారం పోవాలి, తండా నుంచి మూడు కోసుల దూరం. హాస్టలు వాళ్లను అడిగితే, తన పనులు తాను చేసుకోలేని పిల్లను చేర్చుకోం అన్నారు. చేసుకుంటుందా లేదా అని ఒక్క మాట అడిగారా? అడగలేదు. జూన్‌లో బడి తెరిచేలోపు దారి దొరక్కపోతే కమ్లీ చదువు ఏడుతో సరి.

మోతీ మొగుడు బీక్యా పదేళ్లు వెదురు లారీ తోలినవాడు. లైసెన్సు ఉంది. ఎనభై రెండు వేసవిలో ఒకనాడు అన్నం తింటూ తింటూ, "కారు కౌలుకు తీసుకుందం" అన్నాడు. పొలమో చెలకో తీసుకున్నట్టే. సాలుకు ఇంత అని మాట్లాడుకుని, పొద్దున సాయంత్రం బిడ్డను బడికి తిప్పి, నడుమ మానుకోటకూ గార్లకూ మనుషులను ఎక్కించుకుంటే గిట్టుబాటవుతుంది. సంగతి తెలిసి తండా అంతా నవ్వింది. మోతీ ఆ మొహాలనూ గుర్తు పెట్టుకుంది.

"ఏ కారైన సరే, బిడ్డ తనంతట తను ఎక్కి కూసోవాలె," అంది మొగుడితో. "నేనెత్తి కూసోబెట్టేటట్టయితే నా వీపే చాలు, కారెందుకు?"

అలా మొదలైంది కారు వెతుకులాట. మొదట మానుకోటలో బట్టల కొట్టు చందూలాల్ ఫియట్టు చూశారు. తళతళలాడుతోంది. కమ్లీ వెనక సీటు మీద కూర్చుంది గానీ, వంగని కాలు ముందు సీటుకు అడ్డుపడి లోపలికి రాలేదు. చందూలాల్ గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఇనుము గీరుకుంటే సీటు చినుగుతది," అన్నాడు. ఇంటికొచ్చేదాకా మోతీ అదే మాట తలుచుకుని తిట్టింది. బిడ్డ కాలు నొచ్చిందా అని అడగలేదు వాడు, సీటు సంగతే అడిగాడు.

తర్వాత భూపాలపల్లి పోయారు. అక్కడ మెకానిక్ అబ్రహాం బీక్యాకు లారీ రోజుల నుంచి దోస్తు. అడవి శాఖ వేలంలో ఒక పాత జీపు పాడుకుని, ఇంజను విప్పి బాగు చేశాడు. అన్నిట్లోకీ చవక అదే. "నీకు ఎంత తోస్తే అంత ఇయ్యి, బీక్యన్నా," అన్నాడు. కానీ జీపు సీటు కమ్లీ రొమ్ము దాకా ఉంది. పిల్ల మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి జారి పడి అరచేతులు గీసుకుపోయాయి. ఎదుటి చాయ్ హోటలు బెంచీ మీద నలుగురు గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. "నాతోని కాదు, బా," అంది తండ్రితో. మోతీ పోయేముందు జీపు టైరును ఒక్క తన్ను తన్నింది. జీపు చేసిన తప్పేమీ లేదని తెలుసు, అయినా తన్నింది.

మూడోది జనగామలో ఉన్న అంబాసిడర్. అది జగన్మోహన్‌రావుది. వీళ్ల ఊరి దొరే. ఊళ్లో ఇంటికి తాళం వేసి జనగామలో మేడ కట్టుకున్నాడు. డ్రైవరు మానేశాక కారు కొట్టంలో పడి ఉంది, కోళ్లు దాని కింద గుడ్లు పెడుతున్నాయి. బీక్యా గంటసేపు కిందా మీదా పడి స్టార్టు చేశాడు. కమ్లీ వెనక తలుపు తీసి, వీపు అటు తిప్పి, సీటు మీద కూర్చుంది. ఇనుప కాలిని రెండు చేతులతో ఎత్తి లోపలికి తిప్పుకుంది. తలుపు తానే వేసుకుంది. తర్వాత అద్దంలోంచి తల్లిని చూసి నవ్వింది. భూపాలపల్లి నుంచి వచ్చాక పిల్ల నవ్వడం అదే మొదలు. దొర అడిగిన సొమ్ము వాళ్ల తాహతుకు మించినదే అయినా, ఆ నవ్వు చూశాక మోతీ బేరమాడలేదు.

"మరి కౌలు కాయితం రాయిస్తరా, దొరా?" అన్నాడు బీక్యా.

దొర మొహం మాడిపోయింది. "గా మాట నా ముందట అనకు."

ఎందుకు అనకూడదో బీక్యాకు తెలియనిది కాదు. అతని తండ్రి రాంజీ ఈ దొర తండ్రి దగ్గర ఇరవై ఏళ్లు జీతం ఉన్నాడు. జీతగాడంటే పొద్దు పొడవకముందు గొడ్ల దగ్గర మొదలై, దొర తిన్నాక తినేవాడు. ఆ తర్వాత అడవి పక్క చెలక కౌలుకు చేశాడు. చట్టం వచ్చి, ఆరేళ్లు దున్నిన కౌలుదారుకు హక్కు ఇచ్చింది, ఎనిమిది ఎకరాలు రాంజీవి అయ్యాయి. చదువు రాని ఆ ముసలాయన సర్కారు కాగితాన్ని రేకు డబ్బాలో దాచి, ఇంటికొచ్చిన చుట్టానికల్లా తీసి చూపించేవాడు. "గీ కాయితంల నన్ను జీతగాడని రాయలే. కౌలుదారని రాసిండ్రు," అని చెప్పుకుని చెప్పుకుని పోయాడు.

"దున్నేటోనిదే భూమి అన్నరు, మా నాయిన చెలక పోయింది," అన్నాడు దొర. "రేపు తోలేటోనిదే కారు అంటే? ఆరేండ్లు నీ చేతిల ఉంటే నా కారు నీదైతదా?"

బీక్యా పరాచికం అనుకుని నవ్వాడు. దొర నవ్వలేదు. కారుకు కూడా కౌలు చట్టం వస్తుందని నిజంగానే భయపడుతున్నాడు ఆ పెద్దమనిషి. మూడంతస్తుల మేడలో ఉండి, ముక్కు తుడుచుకోవడానికి కూడా మనిషిని పెట్టుకున్నవాడికి ఒక్క మాటంటే అంత బెదురు. గుమాస్తా గట్టయ్యను వెంటబెట్టుకుని లోపలికి పోయి, అరగంట తర్వాత కాగితంతో వచ్చాడు. ఆ అరగంటా కమ్లీ కారులోనే కూర్చుని, తల్లి కొంగు చివరతో అద్దాలు తుడిచింది.

గట్టయ్య కాగితాన్ని గడగడా చదివాడు. అది తెలుగో మరొకటో మోతీకి అంతుబట్టలేదు. "ఇగ ఏలు పెట్టు," అన్నాడు. బీక్యా తన బొటనవేలికి సిరా పూసుకున్నాడు.

"బా, ఆ కాయితం జర ఇటియ్యి," అంది కమ్లీ కారులోంచి.

"నేను చదివిన గదా," అన్నాడు గట్టయ్య, కాగితం వెనక్కి తీసుకుంటూ. మోతీ దాన్ని అతని చేతిలోంచి లాగేసి కూతురికిచ్చింది. కమ్లీ పెదాలు కదుపుతూ కొంత చదివి, ఒకచోట ఆగింది. అక్కడి నుంచి అందరికీ వినబడేలా చదివింది.

"'నా వద్ద సాలు జీతానికి కుదిరిన జీతగాడు లంబాడి బీక్యా, నా ఆజ్ఞ ప్రకారము నా కారును తోలుచు...'"

అక్కడితో ఆపేసింది. మోతీ దొర వైపు తిరిగింది. మామ బతుకంతా మోసి దించుకున్న మాట, దొర అరగంటలో మళ్లీ మొగుడి నెత్తికెత్తాడు.

"జీతగాడైతే నువ్వే మాకు పైసలియ్యాలె, దొరా. మేమెందుకు ఇస్తున్నం నీకు?" అంది.

"ఉత్త మాట అది," అన్నాడు దొర. "కారు మీ ఇంటి ముందటనే ఉంటది. మాటేమన్న కొరుకుతదా?"

"కొరకకుంటే కౌలు అన్న మాటకు నువ్వెందుకు గంత బెదిరితివి?"

దొర మోతీ వైపు కన్నెత్తలేదు, బీక్యాతోనే మాట్లాడాడు. "ఇష్టముంటే ఏలు పెట్టు, లేకుంటే పో. బడి తెరిచేటందుకు పది దినాలే ఉన్నయంటివి గదా."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. బీక్యా సిరా వేలు గాల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మోతీ మొగుణ్ని చూసింది, కారులో ఉన్న బిడ్డను చూసింది. ఫియట్టులో పట్టని కాలు, జీపు దగ్గర చీరుకుపోయిన అరచేతులు కళ్లముందు మెదిలాయి. దొర మీద కోపం కన్నా, ఆ కోపాన్ని మింగాల్సి వస్తున్నందుకు తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది. మింగింది. తాను ఓడిపోవడం దొరకు అర్థం కాకూడదని, తమ తండా భాషలో చిన్నగా చెప్పింది.

"పెట్టు. బిడ్డ బడికి పోవాలె."

దొరకు అర్థం కాలేదు గానీ కమ్లీకి అర్థమైంది. కారు తలుపు తెరుచుకుంది. పిల్ల ఇనుప కాలిని రెండు చేతులతో ఎత్తి బయటికి తిప్పి, కర్ర ఊనుకుని లేచి నిలబడింది.

"నేను గీ కార్ల రాను, యాడీ," అంది తల్లితో, దొరకు తెలిసేలా తెలుగులోనే.

"మరెట్ల పోతవే?"

"జీపు ఎక్కుడు నేర్చుకుంట."

తలుపును ఎంత గట్టిగా వేసిందంటే, కింద తుప్పు రాలింది. కాగితాన్ని గట్టయ్య చేతిలో పెట్టి గేటు వైపు నడక మొదలుపెట్టింది. ఠక్కు ఠక్కున ఇనుప బూటు చప్పుడు. బీక్యా సిరా వేలు దేనికి తుడుచుకోవాలా అని అటూ ఇటూ చూసి, కొత్తగా సున్నం వేసిన వరండా స్తంభానికి తుడిచాడు. జానెడు పొడవున నీలి మరక పడింది.

"ఏరా," అన్నాడు దొర.

"ఏలిముద్రనే గదా నువ్వడిగింది," అంది మోతీ. "ఉంచుకో."

తర్వాత తొమ్మిది రోజులు ఇంటి ముందున్న ఎడ్లబండే జీపు. కమ్లీ మంచి కాలు రాయి మీద పెట్టి, బండి పట్టె పట్టుకుని, చేతుల బలంతో ఒళ్లంతా పైకి లాగాలి. పడింది. మోచెయ్యి కొట్టుకుంది. మళ్లీ లేచింది. ఎత్తవద్దని తల్లిచేత ఒట్టు పెట్టించుకుంది. ఎత్తడానికి అలవాటు పడ్డ మోతీ చేతులు ఊరుకోవు, వాటిని చంకల్లో దూర్చుకుని, రాయిని తిట్టింది, బండిని తిట్టింది, దొరను మూడు తరాలు వెనక్కి పోయి తిట్టింది. నవ్విన తండావాళ్లు ఇప్పుడు నవ్వడం మానేసి చూస్తున్నారు. వాళ్లనూ తిట్టింది. ఆరో రోజు కమ్లీ బండి మీద కూర్చుని ఉంది, రొప్పుతూ, చెమటలు కారుస్తూ.

లారీ వాళ్లతో కబురంది అబ్రహాం జీపు తెచ్చాడు. పిల్ల పడిన సంగతి మరిచిపోలేదు. పక్కన ఒక ఇనుప మెట్టు, పట్టుకోవడానికి ఒక కడ్డీ వెల్డింగు చేయించాడు. కాగితం మాటెత్తితే తల గోక్కున్నాడు. "నాకు రాసుడు రాదు, బిడ్డా. ఏం రాయాల్నో నువ్వే రాయి, నేను సంతకం పెడత."

కమ్లీ రాసింది. అబ్రహాం వంకరటింకరగా సంతకం చేశాడు, బీక్యా వేలు పెట్టాడు. మోతీ కాగితం మీద కూతురి చెయ్యి పట్టుకుని, "కౌలు అని ఏడున్నది?" అని అడిగింది. కమ్లీ చూపించింది. మోతీ ఆ మాట మీద వేలు పెట్టి కాసేపు ఉంచి, కాగితాన్ని మామ డబ్బాలో, మామ కాగితం పక్కన పెట్టింది.

బడి తెరిచిన రోజు పొద్దుటే వాన పడి తండా దారి బురదైంది. బీక్యా జీపును రోడ్డు మీద, వంతెన దగ్గర ఆపాడు. సన్నటి రోడ్డు, పక్కకు తప్పుకునే చోటు లేదు. కమ్లీ కడ్డీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టబోతుండగా వెనక బస్సు వచ్చి ఆగింది. హారను కొట్టింది. మళ్లీ కొట్టింది. కండక్టరు తలుపులోంచి వేలాడుతూ, "ఓ అమ్మా, ఇంకెంతసేపు?" అని అరిచాడు.

ఆ గొంతు మోతీ మరిచిపోయేది కాదు. వెనక్కి నడిచి, బస్సు ముందర రోడ్డు మధ్యలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆగు. మనిషి ఎక్కుతున్నది," అంది.

కండక్టరు ఆమె మొహం చూసి బస్సులోకి జరిగాడు. డ్రైవరు హారను మీది నుంచి చెయ్యి తీశాడు. వెనక బూటు ఒకసారి మెట్టు మీద జారిన చప్పుడైంది. మోతీ తిరిగి చూడలేదు. రెండోసారి, జీపు నేల మీద ఇనుము తగిలిన చప్పుడు విన్నాకే పక్కకు జరిగింది.