గురువారం సంతకం

గోదాములో డ్రైవర్లందరూ అతన్ని తాబేలు అని పిలిచేవారు. పదిహేనేళ్లుగా సరుకుల వ్యాను నడుపుతున్నా ఒక్కరి బండినైనా దాటిపోయిన పాపాన పోలేదు. "తాబేలు బయల్దేరింది, రేపటికి చేరుతుంది" అని గేటు కాపలాదారు రోజూ అదే జోకు వేసేవాడు. తాబేలు రోజూ కొత్తగా నవ్వేవాడు. అంత నిదానస్తుడికీ ఒక్క పనిలో మాత్రం ఎక్కడలేని తొందర. అదే చెకింగు కాగితం.

బండి గేటు దాటాలంటే ముందు ఆ కాగితం నింపాలి. బ్రేకులు, టైర్లు, లైట్లు, అద్దాలు, హారను అంటూ మొత్తం పద్నాలుగు గళ్లు. ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టి కింద సంతకం చెయ్యాలి. సంతకం పైన చీమ తలకాయంత అక్షరాల్లో 'వాహన భద్రతకు పూర్తి బాధ్యత డ్రైవరుదే' అని ఉండేది. ఆ ముక్క చదివినవాడు గోదాము మొత్తంలో ఒక్కడూ లేడు. పద్నాలుగూ నిజంగా చూడాలంటే అరగంట పడుతుంది. ఆ అరగంట ఎవడిస్తాడు? అందుకని సోమవారం పొద్దున్నే టీ తాగుతూ శనివారం దాకా ఆరు కాగితాలకూ ఒకేసారి టిక్కులు కొట్టేసి, సంతకాలు గిలికేసి, కాపలాదారు సొరుగులో పడేసేవారు. అతను ఏ రోజు కాగితం ఆ రోజు తీసి డ్రైవరు చేతికిచ్చి గేటు తీసేవాడు. అందరూ కలిసి చేసే తప్పు ఎవరికీ తప్పులా కనిపించదు.

తాబేలు వ్యానుకి నెల రోజులుగా బ్రేకు బాగాలేదు. పెడలు తొక్కితే మెత్తగా కిందికి దిగిపోయేది. రెండుసార్లు వదిలి వదిలి తొక్కి, మూడోసారి గట్టిగా అదిమితే గానీ పట్టేది కాదు. సూపర్‌వైజరుకి మూడుసార్లు చెప్పాడు.

"నోటితో చెప్తే నేనేం చెయ్యను? కాగితంలో బాగాలేదని రాయి. బండి షెడ్డుకి పంపిస్తా. అది వచ్చేదాకా నువ్వు ఇంట్లో కూర్చో" అన్నాడు సూపర్‌వైజరు.

ఇంట్లో కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేవదు. తాబేలు టిక్కు పెట్టాడు. దినగండం నూరేళ్లాయుష్షు అన్నట్టు బండి నడుస్తూనే ఉంది. ఎక్కడ ఎన్నిసార్లు తొక్కాలో అతని కుడికాలికి అలవాటైపోయింది. ఆ కిటుకు ఆ ఒక్క కాలికే తెలుసు.

గురువారం భార్యకి దవడ పన్ను పీకించాలని సెలవు పెట్టాడు. ఆ రోజుకి వ్యాను అతని బావమరిదికి ఇచ్చారు. బావమరిదిని ఆ ఉద్యోగంలో పెట్టించింది కూడా తాబేలే. చేరి ఇంకా రెండు నెలలే.

"నా బండిమీద చిన్న గీత పడిందా, మీ అక్కని పుట్టింటికి పంపించేస్తా" అన్నాడు బుధవారం సాయంత్రం, ఇంటికొచ్చిన బావమరిదితో.

"పన్ను పీకించి మరీ పంపించు బావా. ఆ కేకలు మాత్రం నువ్వే విను" అన్నాడు బావమరిది.

వంటింట్లోంచి భార్య దవడ పట్టుకునే ఇద్దర్నీ కలిపి తిట్టింది. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లో పడి బ్రేకు సంగతి చెప్పడం మరిచిపోయాడు.

మర్నాడు పళ్ల డాక్టరు దగ్గర ఉండగా ఫోనొచ్చింది. గోదాము గేటు దాటగానే రోడ్డు ఏటవాలుగా దిగుతుంది. ఆ దిగుడులో వ్యాను ఆగలేదు. చివర్న రాతిగోడ ఉంది. భార్య నోట్లో దూది ఉండటంతో గట్టిగా ఏడవడానికి కూడా లేకపోయింది. సాయంత్రానికి తమ్ముడి కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

మూడో రోజు కంపెనీ నుంచి విచారణ అధికారి సూపర్‌వైజరుని వెంటబెట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. మంచి ఇస్త్రీ చొక్కా, చేతిలో గురువారం కాగితం.

"బ్రేకులు బాగున్నాయని ఇందులో ఉంది. బాగున్న బ్రేకులతో గోడని గుద్దాడంటే స్పీడుగా నడిపినట్టే కదా" అన్నాడు. అలాగని రాసుకుపోతే బావమరిదికి ఉద్యోగం లేదు, వైద్యం ఖర్చు రాదు. పైగా కేసు.

సూపర్‌వైజరు తాబేలుని వరండాలోకి లాక్కెళ్లాడు. "నోరు మెదపకు. పొద్దున్నే వచ్చి బండి చూసి, సంతకం పెట్టి సెలవులో వెళ్లావనుకుంటున్నారు. నువ్వు నోరు విప్పావంటే ఇద్దరూ పోతారు. నువ్వొక్కడివైనా మిగిలితే ఇల్లు గడుస్తుంది."

మాట అబద్ధం కాదు. కానీ లోపల మంచమ్మీద వాడు తలవంచుకుని, "నేను స్పీడుగా పోలేదు సార్, పెడలు దిగిపోయింది" అని నాలుగోసారి చెబుతున్నాడు. ఎవరూ నమ్మడం లేదు. తాబేలు వినలేకపోయాడు. బతుకులో మొదటిసారి తొందరగా నడిచి గదిలోకి వెళ్లాడు.

"వాడు చెప్పేది నిజం సార్. నెలనుంచీ బ్రేకు లేదు. ఆ సంతకం నేను సోమవారమే పెట్టేశాను. బండిని చూడలేదు."

అధికారి కోప్పడలేదు. ఎంతో ఓపిగ్గా అంతా రాసుకున్నాడు. సూపర్‌వైజరుకి చెప్పానంటే, "రాసిచ్చావా?" అని అడిగాడు. లేదు. తర్వాత రాసింది చదివి వినిపించాడు. మొదటి డ్రైవరు చూడకుండా సంతకం పెట్టాడు. రెండో డ్రైవరు చూడకుండా బండి తీశాడు. భద్రత బాధ్యత డ్రైవరుదేనని ఒకడు సంతకం పెట్టి, ఇంకొకడు చేతికి తీసుకున్న ఆ కాగితంలోనే ఉంది. కాబట్టి ఇద్దరూ రేపటినుంచి రానక్కర్లేదు, కంపెనీకి ఏ సంబంధమూ లేదు.

కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడింది. సూపర్‌వైజరు 'చెప్పానా' అన్నట్టు ఒక చూపు చూసి అధికారి వెనకే వెళ్లిపోయాడు.

గదిలో భార్యతో కలిపి ముగ్గురే మిగిలారు. తాబేలు మంచం పక్కన నిలబడ్డాడు. కాళ్లు పట్టుకుని క్షమించమని అడుగుదామని వంగాడు. పట్టుకోవడానికి ఉన్నది ఒక్కటే. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"గేటు దగ్గర ఒకసారి తొక్కి చూద్దామనుకున్నా బావా" అన్నాడు బావమరిది, పైకప్పు వైపు చూస్తూ. "కాలు పెడలు మీద పెట్టాను కూడా. ఇంతలో కాపలా అతను కాగితం చేతికిచ్చాడు. నీ సంతకం ఉంది. మా బావ అసలే నిదానం మనిషి, అన్నీ చూసే పెట్టి ఉంటాడులే అనుకుని కాలు తీసేశాను."

అందులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. తిట్టినా బాగుండునని తాబేలుకి అనిపించింది. భార్య వాపు తగ్గని దవడతో తమ్ముడి మీద దుప్పటి సర్దింది.