గోడకెక్కిన పహాణీ

సుగ్రాకు కోపమొస్తే రావల్కోల్‌లో కోళ్లు ఆ పూట గుడ్లు పెట్టవంటారు. ఒకసారి ఆమె తహసీల్ కచేరీ మెట్ల మీద నిలబడి అరిచిన అరుపుకు, మేడ్చల్‌లో ఆగాల్సిన రైలు ఆగకుండా బొల్లారం దాకా పోయిందట. సగం తగ్గించి నమ్మినా చాలు. ఆ శనివారం వచ్చిన కోపం ముందు అవన్నీ ముద్దుమాటలు.

అంగడి నుంచి వచ్చి చూస్తే మంచం కింద ఆకుపచ్చ రేకుపెట్టె లేదు.

మోదుగకుంట కోసం ఇరవై ఏళ్లుగా ఆమె, మొగుడు బాబా మియా కొట్లాడిన కొట్లాటంతా ఆ పెట్టెలోనే ఉంది. ఇచ్చిన అర్జీలు, ఒక పాత ఉర్దూ కాగితం, ధర్నాల ఫోటోలు, పోలీసు కేసుల కాగితాలు, లాఠీఛార్జి తోపులాటలో తెగిన ఆమె చెప్పు. కుంటను టిప్పర్ల మట్టితో పూడ్చి విల్లాలు కట్టేశారు. ఇక పెట్టె కూడా పోతే అక్కడ కుంట ఉండేదనడానికి సాక్ష్యమే మిగలదు.

“పెట్టె ఏదయ్యా?”

బాబా మియా భుజం మీది కొత్త శాలువా సర్దుకున్నాడు. “విల్లాల మేనేజరు హేమచంద్ సార్ వచ్చిండే. మన ఫోటోలు క్లబ్బుహౌసుల గోడకు పెడ్తడంట. ‘ఊరి జ్ఞాపకాలు’ అని. రేపు పొద్దుగాల మనకు దావత్ గూడ ఉన్నది.”

“కుంట మింగినోనికే కుంట కాగితాలిచ్చినవా?”

“ఇజ్జత్ ఇచ్చిండే సుగ్రా. ఇరవై ఏండ్లల్ల ఎవ్వడన్న శాలువ కప్పిండా మనకు?”

“శాలువకు పెట్టె ఇచ్చినవ్. రేపు బిర్యానీ పెడితే నన్ను గూడ ఆడనే ఇడిసిపెట్టి వస్తవా?”

ఆ పూట ఆమె పొయ్యి వెలిగించలేదు. కుండను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అన్నం దానంతటదే ఉడికింది.

మర్నాడు విల్లాల గేటు దగ్గర, ఇన్నేళ్లూ తరిమేసిన సెక్యూరిటీవాడే సెల్యూట్ కొట్టాడు. సుగ్రా చూసిన చూపుకు వాడి మీసం ఒకవైపు వాలిపోయింది.

లోపల గోడ నిండా ఫోటోలు. అన్నింటికన్నా పెద్దది ఆమెదే. పిడికిలి ఎత్తి, నోరంతా తెరిచి ఉంది. కింద ఏదో రాశారు. ఆమెకు చదువు రాదు. పక్కనే ఉన్న పెద్దాయనను అడిగింది. ఆయన పట్టాభిరామయ్య, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ విల్లా కొనుక్కున్న రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు.

“‘జానపద గీతం ఆలపిస్తున్న పల్లె పడతి’ అని ఉందమ్మా. మీరేనా? ఏం పాటండీ అది?”

“పాటనా? ‘దొంగలారా, మా కుంట ఇడువుండ్రి’ అని మొత్తుకున్న. గదీ పాట!”

“కుంటా? ఎక్కడమ్మా కుంట?”

సుగ్రా గోడంతా వెతికింది. అర్జీ ఒక్కటీ లేదు. కానీ నడిమధ్య, బంగారు రంగు ఫ్రేములో, చాయ్ మరక ఉన్న కాగితం ఒకటి మెరుస్తోంది. ఆ మరక ఆమె చేసిందే. నిజాం కాలం నాటి ఉర్దూ పహాణీ అది, ఏ భూమి ఎవరిదో రాసిన సర్కారు లెక్క. ఏ ఆఫీసుకు పట్టుకెళ్లినా “ఉర్దూ మాకు రాదు” అని మొహాన కొట్టిన కాగితం. హేమచంద్‌కూ రాదు. తెలుగువన్నీ దాచేసి, రాత అందంగా ఉందని దీన్ని గోడకెక్కించాడు.

“అజీ, ఇటు రా!”

బాబా మియా జిలేబీతో వచ్చాడు.

“గది సదువు. గట్టిగ.”

“గిప్పుడా? అందరు తింటున్రు గదనే...”

“సదువ్!”

కిటికీ అద్దాలు అదిరాయి. బయట ఈతకొలనులో నీళ్లు భయపడి రెండు మెట్లు దిగాయి. బాబా మియా మొదటి వరుస గొణిగాడు. రెండో వరుసకు గొంతు లేచింది. శాలువా జారిపోతే తీసుకోలేదు. ఉర్దూలో చదివి తెలుగులో చెప్పాడు: “సర్వే నంబరు రెండు వందల పదిహేడు. మోదుగకుంట. పదకొండెకరాలు. శిఖం. అంటే నీళ్ల జాగ, సర్కారుది. ఎవ్వనికీ అమ్మే హక్కు లేదు.”

“రెండు వందల పదిహేడా? నా రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న నంబరే కదయ్యా అది!” పట్టాభిరామయ్య ప్లేటు కింద పెట్టేశాడు. “ఏమండీ హేమచంద్ గారూ! వానొస్తే చాలు, సెల్లార్లో మోకాలిలోతు నీళ్లు. పైపు పగిలిందన్నారే! మూడేళ్లుగా ఏం పైపండీ అది, కృష్ణానదికి గానీ కలిపారా?”

హేమచంద్ పరుగున వచ్చి ఫ్రేము మీద చెయ్యి వేశాడు. సుగ్రా అడ్డం నిలబడింది.

“అమ్మా, ఇది ఊరికే డెకరేషన్...”

“నువ్వే పెట్టినవ్. మేం పెట్టుమన్నమా? ఉండనియ్. సెయ్యి తీయ్.”

అప్పటికే పది ఫోన్లు ఆ కాగితాన్ని ఫోటో తీస్తున్నాయి.

“నా పెట్టె వాపస్ తే. అర్జీలన్ని తే. తెగిన చెప్పు గూడ తే.”

స్టోరు గదిలోంచి పెట్టె వచ్చింది. అర్జీలు ఉన్నాయి.

“చెప్పు చెత్త అనుకుని పారేశామమ్మా.”

“చెత్తనా?” సుగ్రా వంగి కాలి చెప్పు తీసింది. “కొత్తది ఉన్నది తీ, బిడ్డా.”

హేమచంద్ షామీర్‌పేట చెరువుకట్ట ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదంటారు. తగిలిందా లేదా అన్నది ఎవరికి వాళ్లు చెప్పుకుంటారు. సుగ్రా ఫ్రేము దింపి, విసిరిన చెప్పు దుమ్ము దులిపి, రెండింటినీ అర్జీల మీద పెట్టి మూత వేసింది.

బాబా మియా పెట్టె నెత్తికెత్తుకున్నాడు. “నేను ఇయ్యబట్టే గద సుగ్రా గిదంతా...”

“నువ్వు నడువ్. నీ సంగతి ఇంటికాడ.”

ఒంటి చెప్పుతో ఆమె ముందు నడిచింది.