ఊపిరి బిగపట్టే ఇల్లు

వెల్ష్ కొండల్లో, ఇంగ్లండు సరిహద్దు పక్కనున్న నాంత్‌వెలిన్‌లో వాన ఆగడం చూసినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు. ఆ వానలోనే పాలబండి వచ్చి వెళ్ళాక ఏదో ఒక లారీ సందులో ఇరుక్కోవడం ఆ ఊరికి పొద్దున్నే కాఫీ తాగడంలాంటిది. పెద్దరోడ్డు మీద తిన్నగా పోవలసిన బండిని అందులోని దారి చూపే డబ్బా "ఎడమకు తిరగండి" అంటుంది. డ్రైవరు తిరుగుతాడు. తిరిగాక ఎదురుగా ఓ బోర్డు, వెల్ష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి: డబ్బా మాట నమ్మకండి, లారీలకు దారి లేదు. వచ్చేవాళ్ళలో సగంమందికి ఆ రెండు భాషలూ రావు. మిగతా సగం డబ్బాకేసి చూస్తుంటారు. ఒకసారి స్పెయిన్ నుంచి టమాటాలు తెచ్చిన లారీ ఎంత పొడుగంటే, దాని ముక్కు మలుపు దగ్గరున్నప్పుడు తోక ఇంకా ఇంగ్లండులోనే ఉంది.

ఇరుక్కున్నవాడిని ఊరు వదిలెయ్యదు. పబ్బు నడిపే ఇడ్రిస్ గొడుగు పట్టుకుని "రానీ, రానీ, ఆపు! ఆపమంటే అర్థం కాదూ?" అని కేకలేస్తాడు. మూల ఇంటి ముసలావిడ ఓల్వెన్ టీ, ఎండుద్రాక్షల రొట్టె పట్టుకొస్తుంది. అందరికంటే ఎక్కువ సాయం మాత్రం ఆ మూల ఇంటిదే. లారీ మలుపు తిరిగేటప్పుడు అది పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగపట్టి నిలబడుతుంది. బండి దాటాక ఉస్సుమని వదులుతుంది. దాంట్లో వింతేముంది? పెళ్ళిళ్ళకి పాత కోటు తొడుక్కున్నప్పుడు ఇడ్రిస్ చేసేదీ అదేగా.

కానీ ఇంటికీ వయసొచ్చింది. పీల్చిన ఊపిరి పూర్తిగా వదల్లేకపోతోంది. లారీ వెళ్ళిన ప్రతిసారీ గదులు కాస్త ఇరుకైపోతున్నాయి. వంటింట్లో ఓల్వెన్ పక్కవాటుగా నడుస్తోంది. మంచం వెయ్యడానికి చోటు చాలక నిలువునా పెట్టి, గోడకి ఆనుకుని గుర్రంలా నిలబడి నిద్రపోతోంది. పిల్లి నలిగి నలిగి రిబ్బనులా తయారైంది.

తాపీమేస్త్రీ ఎమ్లిన్ వచ్చి గోడకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఓల్వెన్ ఆంటీ, ఇంకొక్కసారి పీలిస్తే ఇక వదలదు."

"పీల్చకపోతే?"

"లారీ గుద్దుతుంది."

"అయితే ఏ దారీ లేదంటావు."

"దారి లేదనేగా బోర్డు మీద రాసింది," అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

కౌన్సిలు నుంచి ఓ అమ్మాయి వచ్చి, కొండకవతల ముసలివాళ్ళ హోములో గది ఖాళీ ఉందనీ, అక్కడ మంచం అడ్డంగానే వేస్తారనీ చెప్పింది.

"ఈ ఇంట్లో పుట్టానమ్మా," అంది ఓల్వెన్. "పోయేది కూడా దీంతోనే. అది నిలబడ్డన్నాళ్ళు నిలబడతాను. అది పోయిననాడు లోపలే ఉంటాను. బయట మాత్రం ఉండను."

మర్నాటినుంచి సందు మొగలో కుర్చీ వేసుకుని, ఎర్ర టేబుల్ గుడ్డ పట్టుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి లారీకీ అడ్డం పడి గుడ్డ ఊపి వెనక్కి తిప్పేది. డ్రైవర్లు యూరపులో ఉన్న భాషలన్నిటిలోనూ తిట్టారు. ఆవిడ అన్నీ నేర్చుకుంది. పోలిష్‌వాడికి పోలిష్‌లో, బల్గేరియావాడికి బల్గేరియన్‌లో రెట్టింపు వడ్డించి పంపేది. ఇల్లు కాస్త తేరుకున్నట్టే కనిపించింది. ఒకరోజు వంటింట్లో మోచేతులు చాచగలిగింది కూడా.

ఆ వారంలోనే గుంతిస్ వచ్చాడు.

గుంతిస్‌ది లాత్వియా. ఆ పొద్దున రేవులో ట్రెయిలరు విప్పేసి, ఇంజనుండే ఉత్త ముందు బండితో తిరుగుతూ డబ్బాకి ఆ సంగతే చెప్పాడు: వెనక ఏమీ లేదు, చిన్న బండి. తర్వాత దుంగల ట్రెయిలరు తగిలించాడు. తగిలించగానే దాని పొడుగూ ఎత్తూ డబ్బాలో మార్చాలి. కన్నతల్లి పేరు మరిచినా ఏ డ్రైవరూ అది మరవడు. సరిగ్గా ఆ క్షణాన రీగా నుంచి పెళ్ళాం ఫోను చేసింది. "ఈసారి ఇంటికి రాకు గుంతిస్. నీ సామాను మీ తమ్ముడింట్లో పెట్టించాను. ఎప్పుడూ రోడ్డుమీదే ఉండేవాడివి, నీకు పెద్ద తేడా తెలీదులే," అంది. ఫోను జేబులో పెట్టుకుని బండి తీశాడు. వెనక అడవంత దుంగలున్నా డబ్బా దృష్టిలో అతను ఇంకా చిన్నబండివాడే. అందుకే పెద్దరోడ్డు వదిలించి, కొండమీది గొర్రెల దారిన, ఊరి పైవైపు నుంచి దింపింది. ఓల్వెన్ కుర్చీ ఉన్నది కిందివైపు.

బ్రేకుల కీచు విని ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి లారీ వాలులో ఆగి ఉంది. గుంతిస్ తల బయటపెట్టి చూస్తున్నాడు.

"ఎవడ్రా నిన్ను కొండమీంచి రమ్మన్నది?" అన్నాడు ఇడ్రిస్.

గుంతిస్ వేలితో డబ్బాని చూపించాడు.

"అది దూకమంటే దూకుతావా?"

"ఇవాళైతే దూకేవాణ్ణే," అన్నాడు గుంతిస్.

వెనక్కి పోవాలంటే నిట్టనిలువు ఎక్కుడు. చక్రాలు బురదలో తిరిగాయి తప్ప బండి కదల్లేదు. కదిలినప్పుడు మాత్రం కిందికి కదిలింది. బ్రేకు తొక్కే ఉన్నాడు, అయినా దుంగల బరువుకి లారీ మెల్లగా, చర్చికి నడిచే ముసలమ్మలా, మూల ఇంటివైపు జారసాగింది.

ఓల్వెన్ ఎర్రగుడ్డ పారేసి ఇంట్లోకి దూరింది.

"ఆంటీ! బయటికి రా! నీకేమైనా పిచ్చా?"

"నువ్వు నోర్ముయ్ ఇడ్రిస్! నేనూ నా ఇల్లూ చూసుకుంటాం!"

లోపల రెండు చేతులూ రెండు గోడలకీ ఆనించి నిలబడింది. గోడలు వణుకుతున్నాయి.

"పీల్చకు," అంది నెమ్మదిగా. "ఇప్పటిదాకా ఊరూపేరూ తెలీనివాళ్ళందరికీ దారిచ్చావు. చాలు. ఈసారి గుద్దనీ. ఇద్దరం కలిసే పోదాం. నా మాట విను."

ఇల్లు ఎన్నడూ ఆవిడ మాట కాదన్లేదు. చలికాలంలో పొగ రానివ్వకు అంటే రానివ్వలేదు, ఆవిడకి జ్వరమొస్తే మెట్లు కూడా చప్పుడు చెయ్యలేదు. అలాంటిది, వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆవు దూడని మూతితో నెట్టినట్టు గోడ ఆవిడ నడుముని నెట్టింది. ఓల్వెన్ గడప పట్టుకుంది. గడప వేళ్ళలోంచి జారిపోయింది. ఆవిడ పెరట్లో ఉల్లికాడల్లాంటి లీక్ మొక్కల మడిలో బోర్లాపడేసరికి తలుపు మూసుకుంది.

అప్పుడు ఇల్లు పీల్చింది. అలాంటి ఊపిరి ఆ లోయలో ఎవరూ వినలేదు. ఇడ్రిస్ టోపీ ఎగిరిపోయింది, కొండమీది గొర్రెలు రెండడుగులు ఇటు జరిగాయి, చాపెల్ గంట తనంతట తనే ఒకసారి మోగింది. లారీ మలుపు తిరిగి, అద్దానికి కూడా గీత పడకుండా దాటి, చాపెల్ ముందు చదునులో ఆగింది.

ఉస్సుమని వినిపిస్తుందేమోనని ఊరంతా నిలబడి చూసింది.

వినిపించలేదు.

ఇల్లు పలకరాయంత పల్చగా నిలబడింది. ఎదురుగా చూస్తే తలుపూ కిటికీలూ ఉన్నాయి. పక్కనుంచి చూస్తే ఏమీ లేదు. ఓల్వెన్ ఒళ్ళంతా బురదతో చుట్టూ తిరిగి వచ్చి, తలుపుమీద పిడికిళ్ళతో బాదింది.

"తియ్యి! నన్ను గెంటేస్తావా? నన్నా? తియ్యి!"

ఎమ్లిన్ గోడకి చెవి ఆనించాడు. విని, చావింట్లోలా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గుంతిస్ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. "నన్ను కొట్టండి ఆంటీ."

"నిన్ను కొడితే అది ఊపిరి వదుల్తుందా?"

అతను ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లారీ ఎక్కించి, తన కంబళి కప్పాడు. కిందనుంచి ఇడ్రిస్ "మా పబ్బు మీద గది ఉంది ఆంటీ, ఎన్నాళ్ళైనా ఉండు" అంటున్నాడు. ఆవిడకి వినబడలేదు. డబ్బాకేసి చూస్తోంది.

"దీనికి అన్ని దారులూ తెలుసా?"

"తెలుసంటుంది."

"అయితే మా ఇంట్లోకి దారి అడుగు."

గుంతిస్ నవ్వలేదు. ఆవిడ చిరునామా ఒక్కో అక్షరం చెబుతుంటే ఒక్కో అక్షరం నొక్కాడు. తెరమీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. "దారి లెక్కిస్తున్నాం," అంది డబ్బా, ఎంతో మర్యాదగా. "దయచేసి ఆగండి."

వెనక కార్లు కొండ చివరిదాకా బారులు తీరి హారన్లు మోగిస్తున్నాయి. ఇడ్రిస్ కిటికీ కొట్టాడు. "సందు వెడల్పైంది నాయనా. ఇప్పుడు విమానమైనా పోతుంది. వెళ్ళు."

గుంతిస్ ఇంజను ఆపేశాడు.

"నువ్వు పోవలసిన చోటు లేదా?" అంది ఓల్వెన్.

"లేదాంటీ."

ఆవిడ కంబళి అంచు కొంచెం అతనివైపు జరిపింది. చక్రం తిరుగుతోంది. దయచేసి ఆగండి అంది డబ్బా మళ్ళీ, ఇద్దరూ ఆగారు.